ఆక్టేవ్‌కు ఆరు డెసిబెల్స్

సమావేశ భవనంలో స్పీకర్లకు ఫిల్టర్లు బిగించిన టెక్నీషియన్ శనివారం ఉదయం పదకొండు నలభైకి చనిపోయాడు. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లిఫ్టు నాలుగో అంతస్తులో ఉంది. అతను చేతిలోని మీటరు చూసుకుంటూ లోపలికి అడుగు వేశాడు.

గుంతలో అతని పక్కన మీటరు, స్క్రూడ్రైవరు, బిస్కెట్ల ప్యాకెట్టు దొరికాయి. ఆ ఫిల్టర్లున్న ర్యాక్ రూము తాళంచెవి దొరకలేదు. తలుపు అంచు మీద గీతలు కొత్తవి. లిఫ్టు లేనప్పుడు ఆ తలుపు తెరవాలంటే మెయింటెనెన్స్ వాళ్ళ దగ్గరుండే తాళంచెవి కావాలి. మెయింటెనెన్స్ వాళ్ళు ఆ వేళకు టీ తాగడానికి వెళ్ళారు.

పన్నెండున్నరకు మెకానిక్ ఇంట్లో ఫోన్ మోగింది.

"పాత పియానోలు బాగుచేస్తారా?"

"పియానోలు కాదండీ. ఆర్గాన్లు."

"ఆర్గానే. పెడల్ ఇరుక్కుపోయింది."

"ఒంటిగంటకు వస్తాను."

పెడల్ ఇరుక్కుపోయిందంటే మనవాడొకడు పోయాడని అర్థం. మెకానిక్ చొక్కా మార్చుకోకుండానే బయలుదేరాడు.

మెకానిక్ అన్నది ఆఫీసు వాళ్ళు పెట్టిన పేరు. ఆఫీసుకు బోర్డు లేదు. కర్టెన్ల షాపు పైన మూడు గదులు, అంతే. అందులో చేరకముందు అతను పదకొండేళ్ళు సింథసైజర్లు తయారుచేసే వర్క్‌షాపులో పనిచేశాడు. అతని అక్క దృష్టిలో ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు. ఆఫీసు గురించి ఇంట్లో చెప్పకూడదన్నది మొదటి రూలు.

"కూర్చోకు, టైము లేదు," అన్నాడు పెద్దాయన. ఆఫీసును పద్దెనిమిదేళ్ళుగా ఆయనే నడుపుతున్నాడు. "నాలుగు గంటలకు సమావేశ భవనంలో ఓడరేవు ఒప్పందం మీద సంతకాలు. రెండు దేశాల మంత్రులు, మొత్తం రెండువందల పన్నెండు మంది. సంతకాలకు ముందు ఏడు నిమిషాల సంగీతం. వాయించేది విదేశీ అతిథి. స్వరకర్త. ఆయన సింథసైజర్ ఆయనే తెచ్చుకున్నాడు."

"ఆయనేనా మనిషి?"

"ఆయనే. ఒప్పందం జరగకూడదనుకునే ముఠాకు పనిచేస్తాడు. హాల్లో ఒక డివైస్ పెట్టారు. పన్నెండువేల హెర్ట్జ్ స్వరం రెండు సెకన్లు వినిపిస్తే పేలుతుంది."

"ఎక్కడ పెట్టారు?"

"పొద్దున మూడుసార్లు వెతికాం. కుక్కలు కూడా వెతికాయి. దొరకలేదు. ఉందని చెప్పింది నెమలి."

నెమలి అంటే స్వరకర్త వెంట తిరిగే కీబోర్డు ప్లేయర్. ఆమె ఫొటో ఆఫీసు ఫైల్లో మూడుచోట్ల ఉంది, మూడు పేర్లతో.

"ఆవిడ మన మనిషేనా?"

"మంగళవారం, గురువారం మన మనిషే."

మెకానిక్ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. పెద్దాయన చూడలేదు.

"ఆయన్ని ఇప్పుడే పట్టుకోవచ్చు కదండీ?"

"ఏమని? వాయిద్యం తెచ్చాడనా? అతిథిని ముట్టుకుంటే ఆయన కళాకారుడవుతాడు, మనం గూండాలమవుతాం. వాయించనీ. ఆ స్వరం మన టేపు మీదికెక్కనీ. వెనక గేటు దగ్గర మనవాళ్ళున్నారు. అప్పుడు పట్టుకుంటాం."

"వాయిస్తే పేలుతుంది."

"పేలదు. నాలుగు స్పీకర్ లైన్లకు నాలుగు ఫిల్టర్లు పెట్టించాం. ఆరువేల దగ్గర కట్. అంతకు పైన ఏదీ పోదు."

మెకానిక్ కాలు మార్చి నిలబడ్డాడు. "ఏ రకం?"

"లో-పాస్. కిందివి వదులుతుంది, పైవి ఆపుతుంది. నాక్కూడా ఆ మాత్రం తెలుసోయ్."

"వాలు ఎంత?"

"ఏం వాలు?"

"స్లోప్ అండీ. కటాఫ్ అంటే గోడ కాదు. అక్కడినుంచి తగ్గడం మొదలవుతుందంతే. ఎంత నిటారుగా తగ్గుతుందన్నది వాలు చెబుతుంది. కొన్ని పిల్లల జారుడుబల్లలా ఉంటాయి. కొన్ని కొండ అంచులా ఉంటాయి."

పెద్దాయన సొరుగులోంచి ఫారం తీశాడు. స్టోర్స్ వాళ్ళు నింపిన ఫారం. రకం అన్న గడిలో లో-పాస్ అని, కటాఫ్ అన్న గడిలో ఆరువేలు అని, సంఖ్య అన్న గడిలో నాలుగు అని రాసి ఉంది. కింద మూడు సంతకాలు, ఒక ముద్ర. వాలుకు గడి లేదు.

"నేను కొలవాలి," అన్నాడు మెకానిక్.

"టెక్నీషియన్ దగ్గరుండే ర్యాక్ రూము తాళంచెవి పోయింది. ఇనప తలుపు. తాళాలు తీసే మనిషిని రెండున్నరకు రమ్మన్నాం. ఈలోగా ఆ వాయిద్యం చూడు. ఇదిగో, లోపల ఎవరెవరుంటారో లిస్టు."

మెకానిక్ లిస్టు చదివాడు. అనువాదకులు ముగ్గురు. మూడో పేరు అతని అక్కది.

పెద్దాయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "నాకు తెలుసు. మొదటి రూలు నీకూ తెలుసు."

*

ఒంటిగంట యాభైకి మెకానిక్ కరెంటు కాంట్రాక్టరు మనిషి వేషంలో భవనంలోకి వెళ్ళాడు. నీలం చొక్కా, టోపీ, కళ్ళద్దాలు, మీసం. సంచిలో మీటరు, వైర్లు, ఒక పెన్ను. క్లిప్పు ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేల హెర్ట్జ్ స్వరం ఇచ్చే పెన్ను అది. దాంతో రాయడం కుదరదు. ఆఫీసులో దాన్ని ఇద్దరు ఇప్పటికే రాయడానికి వాడి పాడుచేశారు.

మెట్ల మీద అక్క ఎదురైంది. మెడలో బ్యాడ్జి, చేతిలో కాగితాలు. అతన్ని దాటి రెండు మెట్లు దిగి ఆగింది.

"ఏమండీ, బాల్కనీలో ఏసీ గడ్డకట్టించేస్తోంది. కాస్త తగ్గించండి. మా గొంతులతో పని మాకు."

మెకానిక్ తలూపాడు. గొంతు విప్పితే ఆమె గుర్తుపడుతుంది.

"తగ్గిస్తారా, తలూపి పోతారా?"

అతను మళ్ళీ తలూపాడు. ఆమె పక్కనున్న అనువాదకురాలితో, "ఇక్కడ పనివాళ్ళకు నోరు కూడా స్టోర్స్‌లోంచే రావాలేమో," అంది. ఇద్దరూ నవ్వుకుంటూ దిగిపోయారు.

స్టేజీ మీద సింథసైజర్ ఒక్కటే ఉంది. కాపలా ఉన్న సెక్యూరిటీ అధికారి దానికి దూరంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అరవై ఒక్క కీలూ నొక్కించి రికార్డు చేశాం," అన్నాడు. "పన్నెండువేలు ఎక్కడా లేదు. మీవాళ్ళు ఊరికే కంగారు పడుతున్నారు."

మెకానిక్ కీల వైపు చూడలేదు. పై ప్యానెల్ వైపు చూశాడు. ఫిల్టర్ భాగంలో రెజొనెన్స్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. కటాఫ్ దగ్గరున్న శబ్దాన్ని పైకెత్తే నాబ్ అది. కొంచెం తిప్పితే శబ్దానికి పదును వస్తుంది. చివరిదాకా తిప్పితే ఫిల్టర్ తనే ఈల వేస్తుంది. కటాఫ్ ఎక్కడుంటే ఈల అక్కడ ఉంటుంది. దానికి ఏ కీ నొక్కనక్కర్లేదు. కీలన్నీ నొక్కి చూసినవాళ్ళకు అందుకే దొరకలేదు.

అతను మిగతా నాబ్‌లు గడియారం చూసినట్టు చదివాడు. ఈల ఏడువందల యాభై హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ముప్ఫై రెండు సెకన్లలో నాలుగు ఆక్టేవ్‌లు ఎక్కుతుంది. ఆక్టేవ్‌కు రెట్టింపు. పదిహేను వందలు, మూడువేలు, ఆరువేలు, పన్నెండువేలు. అక్కడ ఆగుతుంది.

"ఏం చూస్తున్నారు?"

స్వరకర్త వెనక నిలబడి ఉన్నాడు. పక్కన నెమలి. నల్ల గౌను, చెవులకు ముత్యాలు. ఆమె మెకానిక్ మీసం వైపు చూసి చూపు తిప్పుకుంది.

"ఎర్తింగ్ అండీ," అన్నాడు మెకానిక్. "షాక్ కొడుతుందేమోనని."

"నన్ను కొట్టదు. నేను మొదలుపెట్టి దిగిపోతాను. తర్వాత యంత్రమే పాడుకుంటుంది." స్వరకర్త ప్యానెల్ మీద ప్లాస్టిక్ మూత దించాడు. పారదర్శకంగా ఉండే మూత. దానికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఫిల్టర్లు బిగించారట కదా మీరు? మంచి పని. పాత హాలు. ఈలలు ఎక్కువ."

మెకానిక్ సంచి తీసుకుని దిగాడు. మెట్ల దగ్గర ఆగాడు. ఫిల్టర్లున్నాయని స్వరకర్తకు తెలుసు. ఆరువేలు అన్న సంగతీ తెలిసే ఉంటుంది. అయినా అతను స్వరం మార్చుకోలేదు.

*

రెండు నలభైకి మెకానిక్ రూలు తప్పాడు. మీసం తీసి జేబులో పెట్టుకుని, పార్కింగ్‌లోంచి అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మకు ఒంట్లో బాలేదు. నువ్వు వెంటనే వెళ్ళు."

"ఏమైందిరా?"

"కళ్ళు తిరిగాయట. వెళ్ళక్కా, నేను ఊళ్ళో లేను."

"సరే సరే, పెట్టెయ్."

అతను గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. నాలుగు నిమిషాలు ఎవరూ బయటికి రాలేదు. ఫోన్ మోగింది.

"ఒరేయ్, అమ్మ పక్కింటావిడతో కూర్చుని టీవీ చూస్తోంది. నీకేం పుట్టింది? కళ్ళు తిరగడం కాదు, నీ బుర్ర తిరిగింది."

"నాకు ఎవరో చెప్పారు."

"ఎవరో చెబితే నమ్మడానికి నలభై ఏళ్ళొచ్చాయి! ఇవాళ నాకెంత ముఖ్యమైన రోజో తెలుసా? ఇద్దరు మంత్రులు మాట్లాడితే మధ్యలో ఉండేది నేను. నేను తడబడితే ఒప్పందం తడబడుతుంది. ఫోన్లు కూడా తీసేసుకుంటున్నారు, ఇంక చెయ్యకు."

"అక్కా, ఒక్క మాట..."

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను మీసం మళ్ళీ అంటించుకున్నాడు.

రెండున్నరకు రావలసిన తాళాల మనిషి మూడు అయిదుకు వచ్చాడు. ట్రాఫిక్ అన్నాడు. ఇనప తలుపు తీయడానికి పది నిమిషాలు పట్టింది. ర్యాక్ రూము స్టేజీ కింద, నేలమాళిగలో ఉంది. ఒక బల్బు, ల్యాండ్‌లైన్ ఫోన్, స్టేజీని చూపించే చిన్న మానిటర్. ర్యాక్‌లో నాలుగు ఫిల్టర్ బాక్సులు ఒకదాని కింద ఒకటి. ఎడమ స్పీకర్లు, కుడి స్పీకర్లు, ముందు వరుస, బాల్కనీ. వైర్లన్నీ స్క్రూలతో బిగించి, స్క్రూల మీద లక్క సీలు వేసి ఉంది. చనిపోయినవాడు పని తెలిసినవాడు.

మెకానిక్ మొదటి బాక్సుకు పెన్ను తగిలించి క్లిప్పు పన్నెండుసార్లు నొక్కాడు. రెండో వైపు మీటరు పెట్టాడు. ముల్లు ఏడు డెసిబెల్స్ తగ్గి ఆగింది. మిగతా మూడూ అంతే.

ఆక్టేవ్‌కు ఆరు డెసిబెల్స్ వాలు ఉన్న బాక్సులవి. దొరికేవాటిలో అంతకన్నా తక్కువ వాలు ఉండదు. ఆరువేల నుంచి పన్నెండువేలకు ఒకటే ఆక్టేవ్, అంటే ఆరు, కటాఫ్ దగ్గరి వంపు వల్ల ఇంకొకటి. అక్కడ ఏదీ ఆగదు. పక్క గదిలో ఈల వేసినట్టు వినిపిస్తుంది.

మూడు ఇరవైకి అతను స్టోర్స్‌కు ఫోన్ చేశాడు.

"ఆ ఫిల్టర్ బాక్సుల వాలు ఎంతో చూసి కొన్నారా?"

స్టోర్స్ ఆఫీసరు నిట్టూర్చాడు. "ఏమిటండీ మీ అందరికీ ఇవాళ వాలు పట్టుకుంది? పొద్దున టెక్నీషియన్ కూడా ఇదే అడిగాడు. ఫారంలో గడి లేదండీ. గడి ఉంటే నింపేవాళ్ళం. లేని గడి ఎలా నింపుతాం?"

"ఎన్నింటికి అడిగాడు?"

"పదకొండు, పదకొండున్నర. ఇప్పుడే వచ్చి ఫైలు చూస్తానన్నాడు. రాలేదు మరి. ఇంకేదో పని తగిలినట్టుంది."

మెకానిక్ ఫోన్ పెట్టేసి పెద్దాయనకు చేశాడు. స్విచాఫ్. హాల్లో అందరి ఫోన్లూ మూడుంబావుకే తీసుకున్నారు. చీటీ రాసి తలుపు దగ్గరి గార్డుకు ఇచ్చాడు. గార్డు వెళ్ళి చీటీతోనే తిరిగొచ్చాడు.

"లోపలికి పంపడం లేదు సార్. మంత్రులు కూర్చున్నారు. అయ్యాక ఇమ్మన్నారు."

"అయ్యాక ఇవ్వడానికి ఎవరుంటారయ్యా?"

గార్డుకు అర్థం కాలేదు. మెకానిక్ లోపలికి వచ్చి మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసుకున్నాడు. ఈల మొదలవగానే స్పీకర్లన్నీ ఒక్కసారి ఆపేయాలి. టేపు మీద సాక్ష్యం ఉండదు. పెద్దాయన తిడతాడు. తిట్టడానికి ఉంటాడు.

*

నాలుగు గంటలకు సంగీతం మొదలైంది. మానిటర్‌లో స్వరకర్త ఒక కీ నొక్కి, అది పైకి లేవకుండా పక్కన చిన్న చెక్కముక్క దోపాడు. కింది స్థాయిలో, తంబురా శ్రుతిలా తెగకుండా మోగే డ్రోన్ మొదలైంది. దాని మీద కాసేపు ఏదో వాయించాడు. నిమిషం తర్వాత లేచి, నమస్కారం చేసి, స్టేజీ దిగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. యంత్రం ఒక్కటే మిగిలింది.

మెకానిక్ మెయిన్ స్విచ్ మీద చెయ్యి పెట్టాడు.

"ముట్టుకోకండి."

తలుపులో నెమలి. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఒకసారి మొదలయ్యాక డ్రోన్ ఆగినా పేలుతుంది," అంది. "సెకను దాకా ఓర్చుకుంటుంది. అంతకు మించితే అంతే. ఎవరైనా వైరు పీకుతారని అలా చేశాడు."

"ఇది మాకెందుకు చెప్పలేదు?"

"నాకూ మూడు గంటలకే తెలిసింది. కారులో నాకు సీటు లేదని కూడా అప్పుడే తెలిసింది." ఆమె తలుపు వేసింది. "వెనక గేటు దగ్గర కారు ఉంది. ఒక సీటులో డ్రైవరు, వెనక ఆయన పెట్టెలు. నేనెక్కడ కూర్చోవాలని అడిగితే ముందు వరుసలో కుర్చీ వేయించానన్నాడు."

"టెక్నీషియన్?"

ఆమె చెప్పులు కింద పెట్టింది. "వాలు సంగతి కనుక్కుంటున్నాడని నేనే చెప్పాను. చంపుతాడనుకోలేదు."

మెకానిక్ ఆమె ముఖం చూశాడు. తర్వాత ర్యాక్ చూశాడు. రెండోదానికే టైముంది.

"స్వరం ఎంత గట్టిగా పెట్టాడు?"

"కావలసినదానికన్నా ఇరవై డెసిబెల్స్ ఎక్కువ. నా ముందే కొలిచాడు. ఒక్కో బాక్సూ ఏడే ఆపుతుందని తెలిసే నవ్వుకున్నాడు."

"ఈల ఎప్పుడు మొదలవుతుంది?"

"నాలుగు నిమిషాల ముప్ఫై సెకన్లకు."

మానిటర్ మూలనున్న గడియారం రెండు నిమిషాల పది సెకన్లు చూపించింది.

ఒక్కో బాక్సు ఏడు. ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ వరసగా కలిపితే ఇరవై ఎనిమిది. మొదటిది కొంత తగ్గిస్తుంది, తగ్గినదాన్ని రెండోది తగ్గిస్తుంది. అలా జారుడుబల్లలు నాలుగు కలిసి కొండ అంచు అవుతాయి. వర్క్‌షాపులో సింథసైజర్ల ఫిల్టర్లు అలాగే తయారుచేసేవాళ్ళు. డ్రోన్ కింద ఉంది కాబట్టి నాలుగు దాటినా దానికేమీ కాదు.

"స్క్రూడ్రైవరు వాడడం వచ్చా?" అన్నాడు.

"కీబోర్డు ప్లేయర్‌నండీ. మీ మనుషులు సమయానికి ఎప్పుడైనా వచ్చారా? అన్నీ నేనే విప్పుకోవాలి."

"అయితే సీళ్ళు పగలగొట్టండి. పైనుంచి కిందికి."

మొదటి బాక్సు నుంచి ఎడమ స్పీకర్లకు పోయే వైరు విప్పి, రెండో బాక్సులో సౌండ్ మిక్సర్ నుంచి వచ్చే వైరు తీసేసి ఆ చోట దూర్చాడు. ఎడమవైపు స్పీకర్లు మూగబోయాయి. మిగతా మూడు లైన్లలో డ్రోన్ మోగుతూనే ఉంది. ఒకటిన్నర నిమిషం పట్టింది. స్క్రూలు బిగిసిపోయాయి. నెమలి గోరు విరిగింది. ఆమె తిట్టిన తిట్టు ఫైల్లో ఉన్న మూడు పేర్లకూ తగినట్టు లేదు.

అలాగే రెండో బాక్సు వైరు మూడోదానిలోకి. కుడివైపు కూడా మూగబోయింది.

"నాలుగు నిమిషాల పది సెకన్లు," అంది ఆమె.

మూడో బాక్సు వైరు విప్పడంతో ముందు వరుస స్పీకర్లు ఆగిపోయాయి. ఇప్పుడు హాల్లో బాల్కనీ స్పీకర్లు మాత్రమే మోగుతున్నాయి. వాటి మీద నాలుగో బాక్సు ఒక్కటే కాపలా. దానిలోకి మిక్సర్ నుంచి వచ్చే వైరు తీసేసి, మూడో బాక్సు వైరు పెట్టాలి. తీయడానికీ పెట్టడానికీ మధ్య హాలంతా నిశ్శబ్దం. అది సెకను దాటకూడదు.

మానిటర్‌లోంచి ఈల వినిపించింది.

"మొదలైంది," అంది నెమలి.

ఏడువందల యాభై. నాలుగో బాక్సు స్క్రూ తిరగడం లేదు. సీలు లక్క స్క్రూ మరల్లోకి దిగింది. మెకానిక్ లైటరు వెలిగించి లక్క మీద పెట్టాడు.

పదిహేను వందలు. మానిటర్‌లో మంత్రి ఒకాయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు.

మూడువేలు. లక్క కరిగింది. స్క్రూ కదిలింది. అక్క బాల్కనీలో చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కాగితాలు సర్దుకుంటూ ఉంటుంది.

ఆరువేలు. స్క్రూ సగం వచ్చింది.

"మిక్సర్ వైరు మీరు పట్టుకోండి. లాగమన్నప్పుడు లాగండి. ముందు వద్దు, తర్వాత వద్దు."

"నన్ను నమ్ముతున్నారా?"

"ఇవాళ శనివారం. నాకు వేరే దారి లేదు."

ఈల సన్నబడింది. చెవిలో సూదిలా ఆగింది. ఇంక ఎక్కలేదు. పన్నెండువేలు. మొదటి సెకను లెక్కలోకి వచ్చింది.

"లాగండి."

ఆమె లాగింది. అతను దూర్చాడు. మీటరు ముల్లు సున్నాకు పడి, లేచి నిలబడింది.

ఏమీ జరగలేదు.

మెకానిక్ అరనిమిషం దాకా వైరు వదల్లేదు. తర్వాత స్క్రూ బిగించాడు. ముల్లు అక్కడే ఉంది. బాల్కనీ స్పీకర్లలోంచి డ్రోన్ వస్తోంది. దాని మీద ఈల ఉందో లేదో మీటరుకు మాత్రమే తెలుస్తోంది.

"ఇరవై ఎనిమిది," అన్నాడు.

నెమలి నేల మీద కూర్చుని విరిగిన గోళ్ళు లెక్కపెట్టుకుంది. నాలుగు.

"ఆయన కొలిచినప్పుడు మీటరు ఎక్కడ పెట్టాడు?" అడిగాడు మెకానిక్.

"బాల్కనీలో. అనువాదకుల బల్ల కింద."

"డివైస్ ఉన్నచోటే కదా కొలుస్తారు! ఇందాకే చెప్పొచ్చుగా?"

"ఇందాక మీరు ఎంత అని అడిగారు. ఎక్కడ అని అడగలేదు."

మెకానిక్ తలుపు తీసుకుని మెట్లెక్కాడు. గార్డును ఆమె దగ్గర నిలబెట్టాడు. ఆమె లేవలేదు.

*

తర్వాతి సంగతులు వరసగా ఇవి. నాలుగు ఎనిమిదికి వెనక గేటు దగ్గర స్వరకర్తను పట్టుకున్నారు. జేబులో మూత తాళంచెవి, ర్యాక్ రూము తాళంచెవి, లిఫ్టు తలుపుల తాళంచెవి, మూడూ ఒకే రింగుకు ఉన్నాయి. అతను చేతి గడియారం రెండుసార్లు చూసుకుని భవనం వైపు తిరిగి చూశాడు. భవనం అక్కడే ఉంది.

సంగీతం ఆపడానికి వీల్లేకపోయింది. డ్రోన్ ఆగితే పేలుతుంది. మెకానిక్ రాసిన కొత్త చీటీ ఈసారి పెద్దాయనకు చేరింది. ఆయన లేచి వెళ్ళి సభాధ్యక్షుడి చెవిలో, ఇది ఆ దేశపు ఆధునిక సంగీతమనీ, ప్రసంగాల కింద మోగుతూ ఉండాలనీ, ఆపితే అతిథి నొచ్చుకుంటాడనీ చెప్పాడు. మంత్రులు డ్రోన్ మీదే ప్రసంగాలు చేశారు. మైకులు కూడా ఆ నాలుగు బాక్సుల్లోంచే వెళ్ళాయి.

నాలుగు ముప్ఫై ఒకటికి డివైస్ నిర్వీర్యం చేసే ఇద్దరు మంచినీళ్ళ ట్రేలు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళారు. అనువాదకుల బల్లకు మూడువైపులా ప్లైవుడ్ ఉంది. కింద హెడ్‌ఫోన్ల సామాను వచ్చిన పెట్టెలు. ఒంటిగంట తర్వాత వచ్చిన పెట్టెలు, కుక్కలు వెళ్ళిపోయాక. మూడో కుర్చీ కింద పెట్టె మీద మెకానిక్ అక్క రెండు పాదాలూ ఉన్నాయి. ఆమె మైకులో మాట్లాడుతోంది. ఒకడు బల్ల కిందికి దూరి ఆమె మడమ మీద తట్టాడు. ఆమె మాట ఆపకుండా అతని వైపు చూసి, పాదాలు పైకెత్తి, ఓడరేవు సుంకాల గురించిన వాక్యం పూర్తిచేసింది. తొమ్మిది నిమిషాలు పాదాలు గాల్లోనే ఉంచింది.

మెకానిక్ మెట్ల మలుపులో నిలబడి ఆ తొమ్మిది నిమిషాలూ చూశాడు. మీసం సగం ఊడి ఉంది. సరిచేసుకోవాలన్న ధ్యాస అతనికి లేదు.

నాలుగు నలభైకి పెట్టె బయటికి వెళ్ళింది. అప్పుడు డ్రోన్ ఆపారు. సభలో చప్పట్లు మోగాయి.

నెమలిని ఏం చేయాలన్నది ఆ సాయంత్రం తేలలేదు. పెద్దాయన రెండు కాగితాలు తయారుచేయించాడు. ఒకటి అరెస్టుకు, ఒకటి ప్రశంసకు. టెక్నీషియన్ భార్యకు ఫోన్ చేసే పని ఎవరికీ అప్పగించలేదు. తనే చేశాడు, తలుపు వేసుకుని.

ఆరున్నరకు మెకానిక్ ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావురా?"

"వర్క్‌షాపులో. ఎలా జరిగిందక్కా?"

"నా వరకు బాగానే జరిగింది. సౌండ్ చూసినవాడెవడో గానీ, వాడికి చెవులు లేవు. హాలు మొత్తానికి మా నెత్తి మీది స్పీకర్లే పనిచేశాయి. మంత్రి మాట్లాడుతుంటే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. స లేదు, ష లేదు. సుంకం అన్నాడో ఇంకేమన్నాడో పెదాలు చూసి చెప్పాను. దానికి తోడు అరగంట సేపు తుమ్మెద మోత. మధ్యలో ఎవడో బల్ల కింద దూరి నా కాళ్ళ కింది పెట్టె పట్టుకుపోయాడు!"

"అయ్యో."

"అయ్యో అంటే సరిపోదు. నేనే గనక ఆఫీసరునైతే వాణ్ణి ఇవాళే ఇంటికి పంపేదాన్ని. కంప్లైంటు రాసిచ్చాను. రెండు పేజీలు."

"ఎవరికిచ్చావక్కా?"

"సెక్యూరిటీ చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మర్యాదస్తుడు. నిలబడి మొత్తం చదివాడు. బాధ్యుడి చేత క్షమాపణ రాయించి పంపుతానన్నాడు."

మెకానిక్ ముందు బల్ల మీద ఆ రెండు పేజీలు ఉన్నాయి. మార్జిన్‌లో పెద్దాయన చేతిరాత: సోమవారం లోపు, కార్బన్ కాపీతో.